సిగ్నల్ గుండు దగ్గర నలభై బోర్లు

"నా తోటలో నలభై బోర్లు ఉండాయంట మేడం. ఒక్కటి యాడుందో చూపించండి చాలు. మీకు దండం పెట్టి బిందె ముంచుకొని పోతా."

హనుమంతరాయుడు ఆ మాటతోనే గదిలోకి వచ్చాడు. చేతిలోని చీనీకొమ్మను, అంటే బత్తాయి కొమ్మను, సునంద కీబోర్డు పక్కన పెట్టాడు. ఆకులు దోనెల్లా ముడుచుకుపోయాయి. కాయలు మాత్రం ఇంకా కొమ్మను పట్టుకుని వేలాడుతున్నాయి.

"ఇంకో వారం ఆగుతాయి. ఆ తర్వాత కాయ రాలిపోతాది, దాని వెనకాలే చెట్టు పోతాది. బిడ్డల కంటే ఎక్కువ సాకినా మేడం ఆ చెట్లను. ఈ మాట మా ఇంట్లో మాత్రం చెప్పాకండి."

అనంతపురంలో జిల్లా నీటి సమాచార కేంద్రం అంటే రెండు గదులు, నాలుగు కంప్యూటర్లు, చప్పుడు ఎక్కువ, గాలి తక్కువగా తిరిగే ఒక ఫ్యాను. జిల్లాలో ఏ బోరు ఎక్కడుందో చెప్పే డేటాబేస్ అక్కడే ఉంటుంది. దాన్ని చూసుకునేది సునంద. కొత్త బోరు వేయాలంటే అనుమతి కావాలి. వేయబోయే చోటికి దగ్గర్లో ఇంకో బోరు ఉంటే అనుమతి రాదు. ఆ దగ్గరా దూరం చూసేది మనిషి కాదు, కంప్యూటరు. హనుమంతరాయుడి దరఖాస్తును అది ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా ఎర్ర అక్షరాలతో తిప్పికొట్టింది.

"ఇన్నాళ్లూ చెట్లకు నీళ్లు యాడివి?" అడిగింది సునంద.

"వంక అవతల మా అన్న బోరుండాది. ఆడ్నుంచి పైపేసుకుంటి. ఆ బోరు ఈ ఎండాకాలం..."

మాట సగంలోనే మింగేసి రెండు చెంపలూ వేసుకున్నాడు. సునంద అది చూసింది, పట్టించుకోలేదు. సాయంత్రం లోపు ఆ మింగేసిన సగం మాటే తన మెడకు చుట్టుకోబోతోందని ఆమెకు తెలియదు.

"బోరు వేసే రిగ్గు మా ఊర్లోనే ఉండాది మేడం. పొద్దు గూకేలోపు మాట చెప్పకపోతే బళ్లారి పక్కకు పోతాది. మళ్లా ఎప్పుడొస్తాదో దాని ఓనరుకే తెలీదు."

సునంద మ్యాపు తెరిచింది. వజ్రకరూరు దాటాక నల్లగుండ్లపల్లి. ఊరంతా ఖాళీ. ఊరి చివర హనుమంతరాయుడి చీనీతోట మూలన మాత్రం నలభై ఎర్రచుక్కలు, బెల్లం ముక్క మీద చీమల్లా ఒకదాని మీద ఒకటి.

"కలీమన్నా!"

టీ గ్లాసుతో కలీముల్లా వచ్చాడు. ఇప్పుడు ఈ ఆఫీసులోనే ఉద్యోగం. మూడేళ్ల కిందట ఒక ప్రైవేటు ఏజెన్సీ తరఫున పల్లెలు తిరిగి బోర్ల సర్వే చేసినవాడు. తెర చూడగానే అతని ముఖం వెలిగిపోయింది.

"అరే, సిగ్నల్ గుండు! ఆ గుండు పక్కన కూచుని తిన్న అలసంద వడలు ఇప్పటికీ మర్చిపోలేదు మేడం."

"వడలు తర్వాత. నలభై బోర్లు ఒకే చోటికి ఎట్ల వచ్చినాయి?"

"ఆ ఊర్లో ఫోను పనిచేసేది ఆ పెద్ద గుండురాయి పక్కన ఒక్కచోటే. ఆ యాప్‌కేమో సిగ్నల్ లేకపోతే ఒక్కటీ సేవ్ కాదు. బోరు బోరుకూ నేను నడిచే పోయినా, ఫోటోలు తీసినా, వివరాలన్నీ ఎక్కించినా. సాయంత్రం గుండు దగ్గరికొచ్చి వరసగా సేవ్ నొక్కినా."

"యాప్ నువ్వు నొక్కిన చోటునే బోరు చోటుగా రాసుకుంది."

"నడిచింది ఊరంతా, నొక్కింది ఒక్కచోట," అని ఒప్పుకున్నాడు కలీముల్లా.

హనుమంతరాయుడు నవ్వలేక నవ్వాడు. "మా ఊర్లో పెండ్లి సంబంధాలు మాట్లాడేది ఆడనే, దాయాది పాలోళ్లతో కొట్లాడేది ఆడనే. ఇప్పుడు బోర్లు గూడా ఆడికే వచ్చినాయా సామీ!"

తప్పు దొరికింది. నలభై చుక్కల్నీ తుడిచేస్తే పని అయిపోయినట్టే. సునంద వేలు మౌసు మీదికి వెళ్లింది.

"ఒక్క చుక్క కదిలించినా ఊరుకునేది లేదమ్మా."

గుమ్మంలో తెల్లచొక్కా, నల్లకళ్లద్దాలు. చొక్కాకు ఎక్కడా మడత లేదు. గంగాధరప్ప. నల్లగుండ్లపల్లి చుట్టుపక్కల తిరిగే నీళ్ల ట్యాంకర్లన్నీ ఆయనవే. హనుమంతరాయుడి తోటకు ఈ నెలంతా నీళ్లు తోలింది కూడా ఆయనే. కొత్త బోరు పడితే ఆ తోలుడు ఆగిపోతుంది.

"గవర్నమెంటు రికార్డు అది. ఇష్టమొచ్చినట్టు తుడిచేస్తే నేను పైకి రాస్తా. పోయి చూసి, కొలిచి, అప్పుడు మార్చండి. నలభై బోర్లు కదా, నెలరోజులు పడ్తాదేమో. నాకేం తొందర లేదు." కొమ్మ వైపు చూసి నవ్వాడు. "ఏమప్పా హనుమంతరాయుడూ, నీకేమన్నా తొందరుందా?"

లోపలి గదిలోంచి రాజేంద్ర సారు బయటికి వచ్చాడు. ఆఫీసుకు పెద్ద ఆయనే. గొడవంతా విని గడ్డం గోక్కున్నాడు.

"ఆయన చెప్పింది న్యాయమే సునందా. కొలవకుండా డేటా ముట్టుకోకూడదు. కానీ ముట్టుకోకుండానే నమ్మదగ్గ జవాబు తెప్పించగలిగితే, దానికింద నేను సంతకం పెడతాను. ఉత్త అంచనాకు మాత్రం పెట్టను."

తప్పుల్ని తప్పులుగానే ఉంచి, వాటిలోంచి నిజం తేవాలి. అదీ సాయంత్రం లోపు.

సునంద కుర్చీ దగ్గరికి లాక్కుంది.

ముందు సులువైన దారి పట్టింది. నలభై బోర్లకూ యజమానుల పేర్లున్నాయి. కరెంటు కనెక్షన్ల జాబితాలో అవే పేర్లు వెతికితే ఏ మోటారు ఏ ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉందో తెలుస్తుంది. నొక్కింది. వచ్చిన జవాబు చూసి నెత్తి పట్టుకుంది. పాపన్న అనే ఆయన బోరు ఒకేసారి మూడు పొలాల్లో ఉంది.

"పాపన్న పోయి ఎన్నో ఏండ్లయింది మేడం," అన్నాడు హనుమంతరాయుడు. "కొడుకులు ముగ్గురూ ఇప్పటికీ నాయన పేరు మీదే కరెంటు వాడుకుంటాండారు."

డ్రిప్పు పైపులు ఇచ్చిన జాబితా తెరిచింది. అందులో ఒకే తోట రెండుసార్లు ఉంది. సర్వే నంబర్ల గడులు సగం ఖాళీ.

గంగాధరప్ప కుర్చీ లాక్కుని దర్జాగా కూర్చున్నాడు. "ఇదొక తప్పు, అదొక తప్పు, ఇంకోటి పెద్ద తప్పు. మూడు తప్పులు కలిపితే ఒప్పు అయితాదామ్మా?"

"అయితాదప్పా. మూడూ ఒకే తప్పు చేయకపోతే అయితాది."

ఆ మాట అన్నాక సునందకే వెలిగింది. ధర్మవరంలో వాళ్ల నాయన మగ్గం గుంటలో కూర్చుని చేసే పని కళ్లముందు కదిలింది. పడుగులో ఎక్కడో ఒక పోగు తెగుతుంది. దానికోసం ఆయన చీరంతా విప్పడు. ఏ పోగులు బాగున్నాయో చేత్తో తడుముతూ పోతాడు. బాగున్నవన్నీ పక్కకు జరిగాక, తెగింది తనంతట తానే బయటపడుతుంది.

ఇంతసేపూ ఆమె కంప్యూటర్ని తప్పు ప్రశ్న అడుగుతోంది. 'ఈ బోరు ఎక్కడుంది?' అని. దానికి జవాబు ఎవరి దగ్గరా లేదు. తనకు కావలసింది అది కూడా కాదు. పాపన్న బోరు పెద్దకొడుకు పొలంలో ఉంటేనేం, చిన్నకొడుకు పొలంలో ఉంటేనేం? రెండూ వంక అవతలే కదా!

ప్రశ్న తిప్పి రాసింది. ఒక్కో బోరునూ తీసుకో. కరెంటు జాబితాను నమ్మి చూడు. దాన్ని పక్కన పెట్టి డ్రిప్పు జాబితాను నమ్మి చూడు. పేరు తప్పనుకో, పొలం తప్పనుకో. వీటిలో ఏ ఒక్క దారిలోనైనా ఈ బోరు హనుమంతరాయుడి తోటలోకి వచ్చే వీలుందా? గుండు దగ్గర నొక్కిన ఆ చోటును మాత్రం లెక్కలోకి తీసుకోకు.

"అర్థమయ్యేటట్టు చెప్పు తల్లీ," అన్నాడు రాజేంద్ర సారు.

"ఏది తప్పో మనకు తెలీదు సార్. తెలియాల్సిన పని కూడా లేదు. ఏది తప్పనుకున్నా జవాబు మారకపోతే ఆ జవాబును నమ్మొచ్చు. మారితే మాత్రం నమ్మకూడదు."

ఎంటర్ నొక్కింది.

తెర మీద, తోటలోకి రావని తేలిన ఎర్రచుక్కలు ఒక్కొక్కటే పచ్చబడసాగాయి. పాపన్న బోరు పచ్చబడింది. ఒక వరస, ఇంకో వరస. హనుమంతరాయుడు లేచి నిలబడ్డాడు. కలీముల్లా టీ గ్లాసు గాల్లోనే ఆగిపోయింది. గంగాధరప్ప కళ్లద్దాలు తీశాడు.

ముప్పై తొమ్మిది పచ్చబడ్డాయి. ఒక్కటి ఎర్రగానే ఉండిపోయింది.

దానికి యజమాని పేరు లేదు. కరెంటు నంబరు లేదు. లోతు గడి ఖాళీ, నీళ్ల గడి ఖాళీ. ఉన్నదల్లా ఒక ఫోటో. ఒక చదును బండ, దానిమీద ఆరబోసిన ఎండుమిరపకాయలు, ఫోటో అంచున పచ్చచీర కొంగు.

"కలీమన్నా, ఇదేం బోరు?"

కలీముల్లా ఫోటోను తిప్పితిప్పి చూశాడు. "కసమ్, ఒట్టు మేడం, గుర్తు రావడం లేదు. మిరపకాయలకు బోరెందుకు?"

"ఒక్కటి మిగిలింది," రాజేంద్ర సారు గడియారం చూసుకున్నాడు. "అది తోటలో లేదని తేలితే ఫోన్ చెయ్యి. నేను ఇక్కడే ఉంటాను."

కలీముల్లా అప్పటికే బండి తాళాలు తీశాడు.

* * *

ఉరవకొండ రోడ్డు మీద ఎండ కరుగుతోంది. ముందు హనుమంతరాయుడి బండి, వెనక కలీముల్లా బండి మీద సునంద, వాళ్ల వెనకే గంగాధరప్ప కారు. వజ్రకరూరు దాటాక ఒకచోట దున్నిన చేలో ఇద్దరు మనుషులు వంగి మట్టిలో వజ్రాలు వెతుకుతున్నారు. "వానే పడలేదు, అప్పుడే మొదలుపెట్టినారే!" అని అరిచాడు కలీముల్లా, గేరు మారుస్తూ.

నల్లగుండ్లపల్లి చివర, ఏనుగంత గుండు. దానిపక్కన ఒకాయన ఫోన్లో వియ్యంకుడితో మాట్లాడుతున్నాడు. ఇంకొకామె ఓటీపీ కోసం చెయ్యి ఆకాశంలోకి చాపి నిలబడింది. వెనక చీనీతోట, ఏ చెట్టు చూసినా ముడుచుకున్న ఆకులే. బాటమీద రిగ్గు లారీ ఆగి ఉంది. దాన్ని నడిపించే ఓబిలేష్ టైరుకు ఆనుకుని బీడీ కాలుస్తున్నాడు.

"ఏమన్నా, వేసేదా, పోయేదా? పొద్దు వాలతాంది."

"ఆగు ఓబిలేషూ, ఒక్క నిమిషం," అన్నాడు హనుమంతరాయుడు.

సునంద కళ్లు గుండు పక్కకు వెళ్లాయి. అక్కడ ఒక చదును బండ ఉంది. దానిమీద ఎండుమిరపకాయలు. ఫోనులో ఆ ఫోటో తెరిచి పక్కన పెట్టి చూసింది. అంచున విరిగిన మూల కూడా అదే.

హనుమంతరాయుడి భార్య నాగలక్ష్మమ్మ చెంబుతో మజ్జిగ తెచ్చింది. సునంద చెంబు అందుకుంటూ అడిగింది.

"అక్కా, ఈ బండ కింద ఏముండాది?"

నాగలక్ష్మమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"హనుమంతరాయన్నా, ఈడ బోరుందా?"

హనుమంతరాయుడు ఆకాశం వైపు చూశాడు. "ఎండ శానా ఉంది కదా మేడం."

"ఉందా, లేదా?"

"అడగొద్దు మేడం. మీకు పుణ్యముంటాది, ఈ పొద్దు అడగొద్దు. రేపు అడగండి, చెప్తా."

ఓబిలేష్ బీడీ పారేసి వచ్చాడు. సునందను పక్కకు పిలిచి, రిగ్గుకు వినపడకూడదన్నట్టు గొంతు తగ్గించాడు. "మేడం, రిగ్గు ఊర్లో నిలబడి ఉన్నప్పుడు పాతది, నీళ్లు లేనిదాని మాట ఎత్తకూడదు. ఎత్తితే కొత్తదాంట్లో గూడా దుమ్మే వస్తాది. ఈ పక్క ఎవరూ ఎత్తరు. నేనూ ఎత్తను. బండ మూసి, పసుపు కుంకం పెట్టి, ఇంగ దాన్ని మర్చిపోతారు."

పొద్దున హనుమంతరాయుడు మింగేసిన సగం మాట ఏమిటో సునందకు ఇప్పుడు అర్థమైంది. సర్వే రోజున ఊర్లో రిగ్గు లేదు. కాబట్టి ఎవరో చెప్పారు.

"యా అల్లా!" కలీముల్లా నుదురు కొట్టుకున్నాడు. "వడలు పెట్టిన అక్క! 'ఇంకేమన్నా బోర్లు మిగిలినాయా అక్కా' అంటే ఈ బండ చూపించె. ఫోటో తీసి, తింటా తింటా నొక్కేసినా. ఈ ఒక్కటి మాత్రం నిజంగా ఇక్కడే నొక్కినా!"

"అంటే బోరుండాది!" గంగాధరప్ప గొంతు గుండుకు తగిలి మారుమోగింది. "ఎండిపోయిన బోరుండాది! నేను చెప్తి కదా! పర్మిషనూ లేదు, ఏమీ లేదు!"

అందరూ ఒక్కసారిగా రిగ్గు వైపు చూశారు. ఓబిలేష్ గబగబా చెంపలు వేసుకున్నాడు. ఓటీపీ ఆమె చెయ్యి దించేసింది.

"నోటితో అనేసె కదయ్యా!" అంది నాగలక్ష్మమ్మ.

హనుమంతరాయుడు బండ పక్కన కూలబడ్డాడు. "మా నాయన వేయించిన బోరు మేడం అది. అప్పుడే దుమ్ము. దానివల్ల ఇప్పుడు నా తోట పోతాది." తల ఎత్తి చూశాడు. "ఆ ఒక్క చుక్క మీరే తీసేయండి. ఎవరికి తెలుస్తాది?"

"ఇది తీసేస్తే, మిగతా ముప్పై తొమ్మిది పచ్చచుక్కల్ని ఎవరు నమ్ముతారన్నా? ఆయనే నమ్మడు," గంగాధరప్ప వైపు చూపింది సునంద. "నేనూ నమ్మను."

ఆమె ప్రశ్న సరైనదే. వచ్చిన జవాబు కూడా సరైనదే. అదే చేదుగా ఉంది. రాజేంద్ర సారుకు ఫోన్ చేయడానికి గుండుకు ఆనుకుని, ఆ ఎర్రచుక్కను ఇంకోసారి తెరిచింది. పేరు ఖాళీ. లోతు ఖాళీ. నీళ్లు...

ఆమె ఆగిపోయింది.

"కలీమన్నా, నీళ్ల గడి ఎందుకు ఖాళీగా ఉంచినావు? లేవని ఎందుకు రాయలే?"

"చూడలేదు కదా మేడం. బండ ఎవరు ఎత్తుతారు?"

"లేవు అంటే లేవు. ఖాళీ అంటే తెలీదని! ఎవరికీ తెలీదు." హనుమంతరాయుడి వైపు తిరిగింది. "అన్నా, మీ నాయన తర్వాత ఎవరన్నా ఈ బండ ఎత్తి చూసినారా?"

"మాటే ఎత్తం మేడం, బండ ఎట్ల ఎత్తుతాం?"

"మీ ఊరి చెరువులోకి కాలవ నీళ్లు ఎప్పుడొచ్చినాయి?"

"రెండేండ్ల నుంచి వస్తాండాయి. అదో, ఆ గట్టు వెనకనే..." హనుమంతరాయుడు చెయ్యి చాపి చూపించాడు. చెరువు గట్టు వైపు చూశాడు. బండ వైపు చూశాడు. "మా అన్న బోరు పైన ఉండాది. ఇది చెరువు కింద, ఊట దిగే పక్క..."

"మాట ఎత్తొద్దులే. బండ ఎత్తండి!"

నాగలక్ష్మమ్మ మిరపకాయల్ని కొంగులోకి ఊడ్చేసింది. హనుమంతరాయుడు, కలీముల్లా, ఓబిలేష్ ముగ్గురూ గడ్డపార దూర్చి తోశారు. బండ కదల్లేదు. వియ్యంకుడితో మాట్లాడుతున్నాయన "మళ్లా చేస్తా బావా" అని ఫోను జేబులో పెట్టుకుని తానూ ఒక చెయ్యి వేశాడు. బండ జరిగింది. కింద తుప్పు పట్టిన ఇనుప గొట్టం, లోపల చీకటి.

సునంద ఒక గులకరాయి తీసుకుంది. అందరూ గొట్టం చుట్టూ వంగారు. గంగాధరప్ప కూడా, కారు దగ్గర్నుంచి నాలుగడుగులు ముందుకొచ్చి మెడ చాచాడు.

రాయి వదిలింది.

చప్పుడు లేదు.

ఇంకా లేదు.

గుళుక్.

హనుమంతరాయుడు తనే ఇంకో రాయి తీసి వేశాడు. మళ్లీ గుళుక్. మూడోది నాగలక్ష్మమ్మ వేసింది, నమ్మకం కుదరక. ఓబిలేష్ తాడుకు నట్టు కట్టి దించాడు. పైకి లాగితే తాడు నిలువెత్తుకు మించి తడిసి వచ్చింది. ఆ తడి చేత్తోనే ముఖం తుడుచుకున్నాడు.

"అన్నా, ఇన్ని నీళ్లు కాళ్ల కింద పెట్టుకొని నన్ను ఏంటికి పిలిస్తివి?"

"కొత్త బోరుకు పర్మిషన్ లేదు!" గంగాధరప్ప అరిచాడు. "రిగ్గు స్టార్ట్ చేస్తే నేను వీడియో తీస్తా!"

"తియ్యండి గంగాధరప్పన్నా, బాగా తియ్యండి," అంది సునంద, రాజేంద్ర సారుకు కలిపిన ఫోనును స్పీకరులో పెట్టి. "కొత్త బోరు ఎవరేస్తాండారు? పాత బోరులో పూడిక ఊదుకునేదానికి పర్మిషన్ అక్కరలేదు. అడగాలంటే మా సారు లైన్లోనే ఉండాడు. సిగ్నల్ గుండు కదా, బాగా వినపడుతుంది."

ఫోనులోంచి రాజేంద్ర సారు నవ్వు అందరికీ వినపడింది.

రిగ్గు గర్జించింది. ఓబిలేష్ పైపు దించి గాలి వదిలాడు. ముందు దుమ్ము వచ్చింది. హనుమంతరాయుడు కళ్లు మూసుకున్నాడు. తర్వాత ఎర్రమట్టి, తర్వాత బురద, తర్వాత ఒక్కసారిగా గుండు ఎత్తుకు నీళ్లు. పాత గొట్టానికి ఒక పక్క చిల్లు ఉందని ఎవరికి తెలుసు? ఆ చిల్లులోంచి ఇంకో ధార అడ్డంగా చిమ్మి, ఫోను ఎత్తి వీడియో తీస్తున్న గంగాధరప్పను నిలువునా కొట్టింది. తెల్లచొక్కా కాస్తా ఎర్రచొక్కా అయింది.

వియ్యంకుడితో మాట్లాడినాయన ఈల వేశాడు. ఓటీపీ ఆమె నవ్వు ఆపుకోలేక బండ మీద కూర్చుండిపోయింది.

నాగలక్ష్మమ్మ పరుగున వెళ్లి తువ్వాలు తెచ్చి గంగాధరప్ప చేతికిచ్చింది. మర్యాదగానే అంది.

"తుడుచుకోన్నా. నీళ్లకు దుడ్లు ఏమీ వద్దులే. మా తోటవి, ఊరికే పోసినాం."

గంగాధరప్ప ఒక్క క్షణం ఉగ్రంగా చూశాడు. తర్వాత ఆయనకే నవ్వు ఆగలేదు. "కానీ తియ్యగా ఉండాయమ్మా," అన్నాడు పెదాలు చప్పరించి. తువ్వాలు భుజాన వేసుకుని కారు దగ్గరికి పోయాడు.

హనుమంతరాయుడు కాలితో మట్టిలో గాడి చేస్తున్నాడు. నీళ్లు మొదటి చెట్టు పాదులోకి పోయి, మట్టిలోకి ఇంకిపోయి, మళ్లీ నిండాయి. "అన్న మోటారు పొద్దున్నే పీక్కొచ్చి దింపుతా," అన్నాడు ఎవరితోనో, బహుశా చెట్టుతోనే.

సునంద తడి వేళ్లు దుపట్టాకు తుడుచుకుని ఫోను తెరిచింది. ఇప్పుడు కళ్లతో చూసింది కాబట్టి ముట్టుకునే హక్కుంది. యజమాని గడిలో హనుమంతరాయుడి పేరు. లోతు గడిలో ఓబిలేష్ పైపు లెక్క. నీళ్ల గడిలో 'ఉన్నాయి'. ఇక చోటు. కొత్తగా కొలిచి చూసింది. మార్చాల్సిన పని లేదు. నలభైలో అదొక్కటే ఉండాల్సిన చోట ఉంది.

"చూసినారా మేడం?" కలీముల్లా రొమ్ము విరుచుకున్నాడు. "ఒకటి కరెక్టుగా కొట్టినా!"

"మిగతా ముప్పై తొమ్మిది రేపటి నుంచి మళ్లీ నడువు. యాప్ మార్పిస్తా. ఈసారి బోరు దగ్గర నిలబడినప్పుడే చోటు రాసుకుంటాది. సేవ్ యాడ నొక్కినా పర్లేదు."

కలీముల్లా గుండు వైపు చూశాడు. తర్వాత నాగలక్ష్మమ్మ వైపు చూశాడు.

"అక్కా, రేపు సాయంత్రం సేవ్ నొక్కేదానికి ఈడికే వస్తా. అలసందలు నానేస్తావా?"